వైరు ఒకరికి, ఓవెన్ ఒకరికి

నేను ఒక కరెంటు ఓవెన్‌ని. ఇప్పుడు వంటింటి గట్ల మీద నలుచదరంగా కూర్చుని, ఒంటి మీద అంకెలు వెలిగించుకుని, పనైపోగానే కూతపెట్టే ఓవెన్లతో నన్ను కలపకండి. నేను గుండ్రంగా, పొట్టిగా, మూడు కాళ్ళ మీద నిలబడే అల్యూమినియం ఓవెన్‌ని. మూత మీద చిన్న గాజు కిటికీ, అటూ ఇటూ నల్లటి పిడులు, వెనక వైరు తగిలించుకోవడానికి రెండు పిన్నులు. చూడటానికి పెద్దసైజు టిఫిను డబ్బాలా ఉంటానని ఒకాయన అన్నాడు. నిజమే గానీ, మొహం మీద అనక్కర్లేదు.

పుట్టింది సికింద్రాబాదులో, ఒక రేకుల షెడ్డులో. అల్యూమినియం రేకుని గుండ్రంగా కోసి, గిర్రున తిరిగే చెక్క అచ్చు మీద పెట్టి, పొడుగాటి కడ్డీతో నొక్కి నొక్కి నాకు పొట్ట తెప్పించారు. అదే రేకులోంచి పుట్టిన నా తోబుట్టువులు కొందరు ఇడ్లీ పాత్రలయ్యారు. పాపం వాళ్ళకి తెల్లారకుండానే పని. నేను మాత్రం కడుపులో తీగచుట్ట పెట్టించుకుని, ఆదివారాలు మాత్రమే పనిచేసే ఉద్యోగంలో చేరాను.

నన్ను కొన్నది రైల్లో గార్డుగా పనిచేసే ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దమనిషి. గార్డు పెట్టెలో, ఎర్రజెండా పచ్చజెండాల పక్కన కూర్చుని వాల్తేరు వచ్చాను. అంత దర్జాగా ప్రయాణం చేసిన ఓవెన్ ఇంకొకటి ఉంటుందనుకోను. ఆయన భార్య పేరు డోరతీ. వీధిలో అందరికీ డోరతమ్మ. పిల్లల గౌన్లు కుట్టేది, కుట్టేటప్పుడు నోట్లో గుండుసూదులు పెట్టుకుని మరీ మాట్లాడేది.

ఆదివారం చర్చి నుంచి రాగానే డోరతమ్మ నడుముకి గుడ్డ కట్టుకుని మాకరోని మొదలుపెట్టేది. ఒక పొయ్యి మీద పెద్ద గిన్నెలో ఉప్పు నీళ్ళు తెర్లుతుంటే అందులో గొట్టాలు పోసేది. ఇంకో పొయ్యి మీద వెన్న కరిగించి, మైదా వేసి, పచ్చివాసన పోయేదాకా, రంగు మాత్రం మారకుండా వేయించి, చల్లటి పాలు కొంచెం కొంచెంగా పోస్తూ కలిపేది. అది చిక్కబడి గరిటెకి పట్టుకుంటే తెల్ల సాసు తయారైనట్టు. అందులో మిరియాల పొడి, చిటికెడు జాజికాయ, తురిమిన చీజ్. అన్నీ కలిపి, వేయించిన ఉల్లిపాయలూ చిన్న రొయ్యలూ చేర్చి, లోతైన పళ్ళెంలో సర్ది, పైన రస్కుల పొడి జల్లి, నా కడుపులో పెట్టి మూత వేసేది. అక్కణ్ణించి పని నాది. ముందు అంచుల్లో బుడగలొచ్చేవి, తరవాత పైన పెళ్ళ కట్టి ఎర్రబడేది. ఆ వాసన రైల్వే క్వార్టర్లు దాటి వెనక వీధి దాకా వెళ్ళేది.

వెనక వీధిలోంచే వచ్చారు ఆ తోడికోడళ్ళిద్దరూ. పెద్దామె నూకరత్నం, చిన్నామె ఇందుమతి. పిల్లల గౌన్ల కొలతలివ్వడానికి వచ్చి, వాసనకి ఆగిపోయారు. అక్కడితో ఆగక, ఎలా చెయ్యాలో నేర్పమన్నారు. డోరతమ్మ వాళ్ళకి పని పంచింది. రత్నానిది నిదానమైన చెయ్యి, అందుకని ఆవిడకి సాసు. ఇందుది చురుకు, అందుకని గొట్టాలు ఉడికించడం, నన్ను కనిపెట్టి ఉండటం ఆవిడకి.

"నాకూ సాసు నేర్పండమ్మా" అని ఇందు ఒకసారి అడిగింది.

"ఇద్దరున్నారు కదా. అన్నీ ఒకరికెందుకు?" అంది డోరతమ్మ.

ఆవిడ మంచి మనసుతోనే అంది. ఆ మాట ముందు ముందు ఏం చేస్తుందో ఆవిడకేం తెలుసు.

గార్డుగారు రిటైరయ్యాక వాళ్ళు ఖరగ్‌పూర్‌లో డోరతమ్మ చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ డోరతమ్మ నన్నూ, నా వైరునీ, పళ్ళేన్నీ రత్నం చేతిలో ఒక పిడి, ఇందు చేతిలో ఒక పిడి పట్టించి ఇచ్చింది. "ఇది మీ ఇద్దరిదీ" అంది. ఇద్దరూ కళ్ళు తుడుచుకుంటూ నన్ను మోసుకుంటూ ఇంటికి తీసుకెళ్ళారు. నేను మూత కదలకుండా జాగ్రత్తగా వెళ్ళాను.

అది పెంకుటిల్లు. అందులో రత్నం మొగుడు పైడిరాజు, ఇందు మొగుడు సన్యాసిరాజు, పిల్లలు, అందరి మీదా అత్తగారు వరహాలమ్మ. పెద్దాయనకి పోర్టులో పని, చిన్నాయనకి రైల్వేలో. వరహాలమ్మ మొదట్లో నన్ను ఓరగా చూసింది. నిప్పు లేకుండా వండే వంట ఏం వంట అంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక మాత్రం గిన్నె చాపింది. మాకరోని అనడం ఆవిడకి నోరు తిరగలేదో, తిప్పడం ఇష్టం లేదో గానీ, దానికి గొట్టాల కూర అని పేరు పెట్టింది. ఆ ఇంట్లో అదే పేరు స్థిరపడింది.

ఆదివారం రాత్రి భోజనాలంటే ఆ ఇంట్లో పండగ. మిగతా రోజుల్లో ఒకరు డ్యూటీలో, ఒకరు నిద్రలో, పిల్లలు ఎప్పుడంటే అప్పుడు తినేవాళ్ళు. నేను మాత్రం వేడిగా ఉన్నప్పుడే తినాల్సిన సరుకు వండుతాను కనక, ఆదివారం అందరూ ఒకేసారి కూర్చోక తప్పేది కాదు. పళ్ళెం అంచున అంటుకున్న పెళ్ళ కోసం పిల్లలు కొట్టుకునేవాళ్ళు. వరహాలమ్మ న్యాయం చెప్పే నెపంతో సగం తనే తినేసేది. నాకు ఆ రోజులంటే చాలా ఇష్టం.

మనుషులు బాధల్లో కలిసుంటారు, పొగిడితేనే విడిపోతారు. ఒక ఆదివారం పైడిరాజు తన ఆఫీసరుని భోజనానికి పిలిచాడు. ఆయన రెండోసారి వడ్డించుకుని, "ఇది ఎవరు చేశారండీ?" అని అడిగాడు. "మా ఆవిడేనండీ" అన్నాడు పైడిరాజు. ఆయన మనసులో ఏమీ లేదు, అసలు ఆయన మనసులో ఎప్పుడూ పెద్దగా ఏమీ ఉండదు. కానీ వంటింట్లో నా పక్కన నిలబడి, చెమటలు కక్కుతూ నా కిటికీలోంచి చూస్తున్న ఇందు ఆ మాట వింది.

ఆఫీసరు వెళ్ళాక మొదలైంది. సాసు లేకపోతే ఉత్త గొట్టాలు నమలమని ఒకరు, గొట్టాలు లేకపోతే ఉత్త సాసు నాకమని ఇంకొకరు. అక్కణ్ణించి ఎవరి పుట్టింటివాళ్ళు ఎప్పుడేమన్నారో, ఎవరి బిడ్డకి జ్వరమొస్తే ఎవరు పలకరించలేదో, అన్నీ బయటికొచ్చాయి. చిలవలూ పలవలూ చేరి, ఒక ఆదివారం మొదలైన మాట వేరు కాపురాల దాకా వెళ్ళింది.

పంపకానికి వరహాలమ్మ తమ్ముడు అప్పలస్వామి వచ్చాడు. పెద్దమనిషి, ధర్మం తప్పడని పేరు. సామాన్లన్నీ అరుగు మీద పెట్టించి రెండు కుప్పలు పోయించాడు. బిందెకి బిందె, పళ్ళేనికి పళ్ళెం. నా దగ్గరికొచ్చేసరికి చిక్కొచ్చింది, నేను ఒక్కణ్ణే. ఆయన నన్ను ఎత్తి చూశాడు, దించి చూశాడు. నా వైరు విడిగా చుట్టి ఉంది, పళ్ళెం విడిగా ఉంది. ఆయన లెక్కకి మేం మూడు సామాన్లం.

"ఈ డబ్బా పెద్దదానికి. ఈ వైరూ పళ్ళెమూ చిన్నదానికి. సరిపోయింది" అన్నాడు.

సరిపోలేదని ఇద్దరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. వైరు లేకుండా డబ్బా ఏం చేసుకుంటుందో చూస్తానని ఇందు అనుకుంది. డబ్బా లేకుండా వైరు ఎక్కడ తగిలిస్తుందో చూస్తానని రత్నం అనుకుంది. అలాంటి వైరే ఉన్న ఇస్త్రీపెట్టె ఒకటి ఆ ఇంట్లో ఉంది, అదీ ఇందు కుప్పలోకే పోయింది. కొత్త వైరు కొంటే ఓడిపోయినట్టేనని రత్నం కొనలేదు. నన్ను అటకెక్కించింది.

ఆ పంపకం రోజునే, కుప్పలు తేలాక వరహాలమ్మ లేచి, "మరి నన్నే కుప్పలో ఏసారర్రా?" అని అడిగింది.

కొడుకులిద్దరూ అప్పలస్వామితో తర్జనభర్జన పడ్డారు. చివరికి ఒక నెల పెద్దకొడుకు దగ్గర, ఒక నెల చిన్నకొడుకు దగ్గర అని తేల్చారు. ఇంటి మధ్యలో గోడ లేచింది. అరుగు మాత్రం పంచడం కుదరలేదు. దానికి ఉన్నవి ఒకే మెట్లు. అందుకని అది ఉమ్మడిగా ఉండిపోయింది. ప్రతి నెలా ఒకటో తారీకున వరహాలమ్మ తన ట్రంకుపెట్టెతో ఒక గుమ్మంలోంచి బయటికొచ్చి, అరుగు మీద కాసేపు కూర్చుని, ఇంకో గుమ్మంలోకి వెళ్ళేది. అలా కూర్చున్నప్పుడు ఆవిడ మొహం నేను చూడలేదు. అటక మీద ఉన్నాను కదా. చూడకపోవడమే మంచిదయింది.

ఆ గోడ దూలం దాకానే లేచింది. దాని పైన పెంకుల కింద అంతా ఖాళీ. ఇటు పోపు వేస్తే అటు తుమ్మేవాళ్ళు. మాటలు మాత్రం లేవు. నాకు గోడవతల సంగతులు ఎలా తెలుసంటారా? సగం విన్నాను. సగం తరవాత వైరు చెప్పింది. వైరుకి కడుపులో ఏదీ దాచుకునే అలవాటు లేదు.

కొన్నాళ్ళకి వరహాలమ్మ కదిలే పళ్ళన్నీ పీకించుకుంది. చిగుళ్ళు మానేదాకా కట్టుడుపళ్ళు పెట్టరట. జావ, మెత్తటి ఇడ్లీ, పాలన్నం. కొన్ని రోజులకి గిన్నె చూస్తేనే మొహం తిప్పుకోవడం మొదలుపెట్టింది. మనిషి సగమైంది. అప్పుడు చిన్నకొడుకు వంతు నడుస్తోంది. సన్యాసిరాజు పక్కన కూర్చుని, "ఏం తింటావే అమ్మా? ఏదైనా అడుగు" అన్నాడు.

"గొట్టాల కూర" అంది ఆవిడ. "అందరూ కూకుంటేనే తింటాను. ఒకరు పెడితే ఒకరు సూత్తూ కాదు" అంది.

ఆవిడ గొంతు చిన్నదే గానీ, గోడ ఎంత పొట్టిదో ఆవిడకి తెలుసు.

ఇద్దరు కోడళ్ళూ మొదటి మాటే విన్నారు, రెండోది చెవిన వేసుకోలేదు. ఆదివారం మధ్యాహ్నానికి రెండు వంటిళ్ళలోనూ గిన్నెలు మోగాయి. ఎవరు ముందు తినిపిస్తారా అన్నదే పంతం. రత్నం నన్ను అటక మీంచి దింపి, దుమ్ము తుడిచి, ఏం చేసిందో తెలుసా? వైరు లేదు కదాని కుంపటి ఎక్కించింది. కరెంటు తప్ప ఏదీ ముట్టని నన్ను బొగ్గుల మీద కూర్చోబెట్టింది. నా కాళ్ళు నల్లబడ్డాయి, ఇల్లంతా పొగ. అవతల ఇందు ఇత్తడి బిందెలో ఇసుక పోసి, దాన్ని పొయ్యి మీద పెట్టి, అదే ఓవెన్ అనుకోమంది. మనుషుల తెలివికి నేనెప్పుడూ ఆశ్చర్యపోతూనే ఉంటాను.

అంతలో గోడ మీంచి ఒక వాసన వచ్చింది. మైదా ఎర్రబడుతున్న వాసన. రత్నం చేతిలో గరిటె ఆగింది. ముందు పట్టనట్టు ఊరుకుంది. వాసన ఎక్కువైంది. గడపలో పడుకున్న పిల్లి వైపు తిరిగి, "మైదా మాడాక ఇంక తెల్ల సాసేటి, తారు అవుద్ది" అంది.

పిల్లి ఏమీ అనలేదు. గోడవతల గరిటె కూడా ఆగింది.

"అందరూ అన్నీ నేర్చుకుని పుడతారేటి" అని అటు నుంచి ఇందు అంది, తన గిన్నెతో అన్నట్టుగా.

తరవాత గిన్నె గీకిన చప్పుడు, నీళ్ళ చప్పుడు. మళ్ళీ వెన్న కరిగిన వాసన. ఈసారి రత్నం పిల్లి వైపు చూడలేదు. నేరుగా గోడకే చెప్పింది. "మైదా ఏగినాక దింపేసి పాలు పొయ్యాలి. సల్లటి పాలు. ఒకేసారి కుమ్మరించకూడదు." కాసేపటికి, "ఉండ కడితే భయపడకు, కలుపుతా ఉండు, అదే కరుగుద్ది" అని కూడా అంది. గొంతు కొంచెం మెత్తబడింది. తన పని ఇంకొకరు పాడుచేస్తుంటే చూస్తూ ఊరుకోవడం రత్నానికి చేతకాదు. ఎంత పగ ఉన్నా సరే.

ఇటు రత్నం సంగతీ అంతంత మాత్రమే. గొట్టాలు ఉడికాక ఆవిడ అన్నం వార్చినట్టే శుభ్రంగా గంజి వార్చింది. ఆ గంజి చీరలకి పనికొస్తుందని ఒక గిన్నెలోకి పట్టింది కూడా. తరవాత ఉమ్మగిల్లాలని పైన పళ్ళెం మూసి పక్కన పెట్టింది. జన్మలో ఎన్నిసార్లు అన్నం వండిందో, ఆ చెయ్యి అలా వెళ్ళిపోయింది. పళ్ళెం మూసిన చప్పుడు గోడ దాటింది.

"అది అన్నం కాదక్కా, మూత తియ్యి" అని అరిచింది ఇందు. "ముద్దైపోద్ది. తీసి చన్నీళ్ళు పొయ్యి."

రత్నం గబుక్కున మూత తీసింది. నీళ్ళు పోసింది. గొట్టాలు బతికాయి. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి తట్టింది, ఇందు 'అక్కా' అందని. వేరు కాపురాలు పెట్టాక ఆ మాట అదే మొదటిసారి. నా కింద బొగ్గులు మాత్రం చిటపటమంటున్నాయి.

అరుగు మీద నుంచి వరహాలమ్మ పిలిచింది. "పొగతో చంపేత్తారేటే నన్ను. ఆ డబ్బా ఇటు తే. ఆ వైరు ఇటు తే. నేను లేవలేను, మీరే రండి."

రెండు గుమ్మాల్లోంచి ఇద్దరూ బయటికొచ్చారు. రత్నం చంకలో గుడ్డ చుట్టిన నేను, చేతిలో గొట్టాల గిన్నె. ఇందు భుజం మీద వైరు, చేతుల్లో సాసు గిన్నె, పళ్ళెం. ఒకరి మొహం ఒకరు చూడలేక నా వైపు చూశారు. మసిపట్టిన నా కాళ్ళు చూసి ఇందు నవ్వు ఆపుకోలేకపోయింది. "దీన్ని కుంపటి ఎక్కించావా అక్కా" అంది. "నువ్వు ఇసకలో వండలేదేటి" అంది రత్నం. ఆవిడా నవ్వింది, నవ్వుతూనే కళ్ళొత్తుకుంది.

ఇందు ఇంటి కిటికీ పక్కన ఉన్న ప్లగ్గులో వైరు పెట్టి, రెండో చివర నా పిన్నులకి తగిలించారు. నా తీగచుట్ట ఎర్రబడింది. ఎన్నాళ్ళకో కడుపులోకి కరెంటు వెచ్చదనం వచ్చింది. సంతోషం పట్టలేక కొంచెం కిర్రుమన్నాను కూడా.

ఆ రాత్రి అందరూ అరుగు మీదే కూర్చున్నారు. పైడిరాజు పీట తెచ్చి తమ్ముడికి వేశాడు. సన్యాసిరాజు దాన్ని అన్న వైపు తోశాడు. చివరికి ఇద్దరూ కిందే కూర్చున్నారు, పీట మీద పిల్లలెక్కారు. వరహాలమ్మ గిన్నె రెండు చేతులా పట్టుకుని, పళ్ళు లేని నోటితో నిదానంగా తింది. మధ్యలో ఆగి అందరినీ ఒకసారి చూసుకుని మళ్ళీ తింది. గిన్నె ఖాళీ చేసి మళ్ళీ చాపింది. అప్పుడు కోడళ్ళిద్దరూ గరిటె కోసం ఒకేసారి చెయ్యి పెట్టారు.

గోడ అలాగే ఉంది, పొయ్యిలూ వేరుగానే ఉన్నాయి. అబద్ధం చెప్పి మీ మెప్పు పొందాలని నాకు లేదు. కానీ ఒకటో తారీకున పైడిరాజు ట్రంకుపెట్టె ఎత్తబోతే వరహాలమ్మ దాని మీద కూర్చుంది. "నేను ఏ గుమ్మంలోకీ రాను. మంచం అరుగు మీద ఎయ్యండి. ఇంక వొంతులు మీరే పడండి, ఎవరెప్పుడొచ్చి నా కాడ కూకుంటారో" అంది. కొడుకులిద్దరూ కలిసి అరుగుకి తడికలు కట్టారు, పైన ఫ్యాను బిగించారు. మంచం కింద నాకు చోటు దొరికింది. ఆదివారం వచ్చిందంటే నన్ను బయటికి లాగుతారు. సాసు ఇప్పటికీ రత్నానిదే. గొట్టాలు ఇప్పటికీ ఇందువే. రెండో పని నేర్చుకుంటానని ఇద్దరిలో ఎవరూ అనరు.

ఏళ్ళు గడిచాయి. నా తీగచుట్ట మార్చారు, ఒక పిడి విరిగితే చెక్కముక్క బిగించారు. పిల్లలు పెద్దవాళ్ళై రెండిళ్ళకీ కూతపెట్టే ఓవెన్లు కొన్నారు. అవి వంటిళ్ళలో మెరుస్తూ కూర్చుని పాలు వేడిచేస్తాయి. నాకు అసూయ లేదు. కొంచెం ఉందేమో.

మొన్న పాత సామాన్లు కొనే అతను మెట్ల దగ్గర సైకిలాపి, వంగి మంచం కిందికి చూశాడు. "ఏటమ్మా, ఆ పాత డబ్బా ఇచ్చేత్తారా?" అని అడిగాడు. మాట విని ఇద్దరు కోడళ్ళూ రెండు గుమ్మాల్లోకి వచ్చారు. ఇద్దరి జుట్టూ నెరిసింది.

"నాదేటి బాబూ, అది మా ఇందుది. దాన్నడుగు" అంది రత్నం.

"నాదెక్కడిది, అక్కది. ఆవిడ సొత్తు నేనెలా ఇస్తాను" అంది ఇందు.

అతను అటూ ఇటూ చూసి, "ఎవరిదో తేల్చుకోండమ్మా, వచ్చే వారం వస్తాను" అని సైకిలెక్కబోయాడు.

మంచం మీద పడుకున్న వరహాలమ్మ కళ్ళు తెరవలేదు. నిద్రపోతోందనుకున్నాం.

"తేల్చకండర్రా" అంది. "అన్నీ తేల్చిన రోజునే గదా, నాకు నెలకో గుమ్మం వొచ్చింది."